పిల్లి కడుపులో వెంట్రుకలు: వాడుకలో ఉన్న ఒక వివరణపై విమర్శ

పెంపుడు పిల్లి ఉన్న ఇళ్లలో అప్పుడప్పుడు వేలెడు పొడవున, తడిసి ముద్దకట్టిన వెంట్రుకల చుట్ట ఒకటి నేలమీద కనిపిస్తుంది. అది ఎక్కడినుండి వచ్చినదో తెలియనివారు పిల్లి మలమనుకుంటారు. తెలిసినవారు ఒక వివరణ చెబుతారు. ఆ వివరణ ఇంచుమించు ఈ ఐదు వాక్యాలలో ఇముడుతుంది: పిల్లి ఒళ్లు నాకుకుంటుంది. ఆ వెంట్రుకలు కడుపులోకి పోతాయి. అక్కడ ఉండకడతాయి. ఆ ఉండ బయటికి రాక పిల్లి దగ్గుతుంది. కాస్త నూనె పోస్తే జారిపోతుంది.

జంతువుల పెంపకాన్ని గురించి తెలుగులో వచ్చే సలహాలలోను, ఇరుగుపొరుగుల మాటలలోను ఈ ఐదు వాక్యాలు ఒకే వరుసలో వినవస్తాయి. వరుస చక్కగా కుదిరినందువల్ల ఎవరికీ అనుమానం రాదు. కాని ఒక్కొక్క వాక్యాన్ని విడదీసి చూస్తే సంగతి వేరు. మొదటి రెండు వాక్యాలు నిజం. మూడవది అందరనుకునేటంత తరచుగా జరిగేది కాదు. నాలుగవది రెండు వేర్వేరు వ్యాధిలక్షణాలను ఒకటిగా కలిపివేస్తున్నది. ఐదవదాన్ని నమ్మి ఆచరిస్తే పిల్లి చావవచ్చును.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషువారు దీన్ని హెయిర్‌బాల్ అన్నారు. మనవారు మాటకు మాటగా ‘వెంట్రుకల బంతి’ అన్నారు. బయటపడిన వస్తువు బంతిలాగ ఉండదు. జీర్ణాశయంలో ఏ ఆకారంలో ఉన్నా, సన్నని ఆహారవాహిక గుండా పైకి రావడంలో అది సాగి, దీపపు వత్తిలాగ కోలగా తయారవుతుంది. ‘వెంట్రుకల వత్తి’ అని ఉంటే వస్తువును చూడగానే పోల్చుకోవచ్చును. బంతికోసం వెతికేవారు వత్తిని చూసి మలమని పొరబడటంలో వింత లేదు. పశువుల కడుపులో ఏర్పడే ఇటువంటి గట్టి ఉండలకు ఒకప్పుడు విషహరమనే కీర్తికూడ ఉండేది. బెజోర్ అనే ఐరోపా మాటకు మూలమైన పారసీక పదానికి అర్థం విషానికి విరుగుడు అనే. 16వ శతాబ్దిలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే మరణశిక్ష పడిన ఒక వంటవానికి విషమిచ్చి, ఆపై ఈ రాయి ఇచ్చి పరీక్షించాడు. వంటవాడు కొన్ని గంటలు బాధపడి మరణించాడు. పరీక్ష క్రూరమైనదే గాని రాయి కీర్తిని అది నిలువనీయలేదు. మన ఇళ్లలో వినిపించే గోరోచనం వేరు. అది పశువుల పిత్తాశయంలో తయారయ్యే రాయి. దానికీ వెంట్రుకలకూ సంబంధం లేదు.

ఇక మొదటి వాక్యం. పిల్లి నాలుక గరుకుగా ఉంటుందని ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆ గరుకుతనం ఎటువంటిదో శ్రీకాకుళం జిల్లావారికి పరిచయమైన ఒక పనిముట్టుతో చెప్పవచ్చును. పొందూరులో సన్ననూలు వడికేవారు పత్తిని శుభ్రపరచటానికి వాలుగ చేప దవడ ఎముకను ఉపయోగిస్తారు. ఆ దవడమీది సన్నని పళ్లు పత్తిపోగులను చిక్కు విడదీసి ఒక దిక్కుకు తీరుస్తాయి, చెత్తను పట్టుకుంటాయి. పిల్లి నాలుకమీద కూడా అటువంటి సన్నని ముళ్లు వరుసలుగా ఉంటాయి. అవి గోరు, వెంట్రుక తయారయిన కెరటిన్ అనే పదార్థంతోనే తయారయినవి. వాటి మొనలు గొంతువైపు వంగి ఉంటాయి. 2018లో అమెరికాలోని జార్జియా సాంకేతిక విద్యాసంస్థకు చెందిన అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హు ఈ ముళ్లను పరీక్షించి, వాటి కొనలు గరిటెలాగ గుంటపడి ఉన్నాయనీ, ఆ గుంటలు నోటిలోని లాలాజలాన్ని పీల్చుకొని బొచ్చు అడుగున చర్మందాకా చేర్చుతున్నాయనీ చూపారు. పిల్లి దువ్వుకుంటున్నది, స్నానంకూడా చేస్తున్నది.

పొందూరు వడికేవారికీ పిల్లికీ తేడా ఒక్కటే. వారు దవడకు పట్టిన చెత్తను చేత్తో తీసి పారవేస్తారు. పిల్లికి ఆ వీలు లేదు. ముళ్లు లోపలికి వంగి ఉన్నందువల్ల నాలుకకు చిక్కిన వెంట్రుకను ఉమ్మివేయటం కష్టం, మింగటం సులభం. రెండవ వాక్యం ఈ విధంగా నిజమవుతున్నది.

మూడవ వాక్యంవద్ద జాగ్రత్త అవసరం. వెంట్రుకలోని కెరటిన్ పోగులు గంధకపు బంధాలతో ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడి ఉంటాయి; పిల్లి కడుపులోని ఆమ్లంగాని, జీర్ణరసాలుగాని వాటిని విప్పలేవు. మింగిన వెంట్రుక మింగినట్లే ఉంటుంది. ఇక్కడే చాలామంది తొందరపడి, జీర్ణం కాదు గనుక నిలిచిపోతుందని తేల్చివేస్తారు. జీర్ణం కాకపోవటం వేరు, కదలకపోవటం వేరు. చింతగింజ జీర్ణం కాదు, అయినా కడుపులో నిలవదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి ప్రతిరోజూ మింగే వెంట్రుకలలో చాలాభాగం ఆహారంతోపాటు ప్రేవుల గుండా నడిచి మలంతో వెళ్లిపోతున్నది. ఇంటిల్లపాదీ చూసేది కక్కిన వత్తిని. ఎవరూ చూడనిది మలంతో పోయిన వెంట్రుకను. కంటబడినదాన్ని లెక్కించి కంటబడనిదాన్ని విడిచిపెట్టటంవల్ల వచ్చిన పొరపాటు ఇది.

2013లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన పిల్లుల వైద్యురాలు మార్తా కానన్ ఒక పరిశీలనా వ్యాసంలో ఇదే ప్రశ్న వేసింది: వెంట్రుకల ఉండ మామూలు చికాకా, లేక ఏదో లోపమున్నదనే సూచనా? ఆమె ఇచ్చిన అంచనా ప్రకారం పొట్టి బొచ్చు పిల్లులలో ఏడాదికి రెండుసార్లు, అంతకుమించి వత్తిని కక్కేవి నూటికి 10 మాత్రమే. పొడుగు బొచ్చు పిల్లులలో దానికి రెట్టింపు. మన నాటుపిల్లి పొట్టి బొచ్చుదే. కళింగపట్నం, భావనపాడు రేవులలో చేపలబుట్టల చుట్టూ తిరిగే పిల్లులుగాని, పార్వతీపురం పల్లెల ధాన్యపు గాదెల కింద ఎలుకలకోసం పొంచి ఉండే పిల్లులుగాని ఆ జాతివే. అటువంటి పిల్లి నెలకు రెండు మూడుసార్లు వెంట్రుకలు కక్కుతుంటే, ‘పిల్లులన్నాక కక్కుతాయి’ అని ఊరుకోవటానికి వీలులేదు.

అప్పుడు అడగవలసిన ప్రశ్న ‘వెంట్రుకలు కడుపులోకి ఎట్లా పోయినవి?’ అని కాదు. ‘రోజూ పోయేవే ఈరోజు ఎందుకు నిలిచిపోయినవి?’ అని. దానికి సమాధానాలు రెండే. పోవలసినదానికంటె ఎక్కువ వెంట్రుకలు పోతూ ఉండాలి. లేదా లోపలికి పోయినవి కదలకుండా ఉండాలి.

ఎక్కువ పోవటానికి మన ప్రాంతంలో ముందుగా అనుమానించవలసినది ఫ్లీ అనే చిన్న పురుగు. గోధుమరంగుతో, పక్కలనుండి నొక్కినట్లుండి, బొచ్చు మధ్య పరుగెత్తి, పట్టబోతే దూకిపోతుంది. వెచ్చదనం, గాలిలో తేమ దానికి ప్రియం. సముద్రతీరంలో ఆ రెండింటికీ కొరత లేదు. చలికాలపు చలి పురుగులను అణచివేస్తుందని శీతలదేశాల పుస్తకాలలో ఉంటుంది. ఇక్కడ ఆ ఆశ పెట్టుకోరాదు. నాకుకోవటం పిల్లికి అలంకారం కాదు, ఆత్మరక్షణ. 2000 సంవత్సరంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో ఎక్‌స్టైన్, హార్ట్ అనే పరిశోధకులు ఫ్లీలున్న ఇంటిలో కొన్ని పిల్లులకు మెడచుట్టూ గరాటువంటి పట్టీ తొడిగి మూడు వారాలు నాకుకోకుండా చేశారు. వాటి ఒంటిమీద మిగిలిన ఫ్లీలు, స్వేచ్ఛగా నాకుకున్న పిల్లులమీది ఫ్లీలకంటె రెండింతలున్నవి. అంటే పిల్లి తనను కుట్టే పురుగులను నాలుకతో ఏరి తింటున్నది. పురుగులు పెరిగినకొద్దీ నాకటం పెరుగుతుంది. నాకటం పెరిగినకొద్దీ మింగే వెంట్రుక పెరుగుతుంది. యజమాని కంటికి కనబడేది చివరి మెట్టు ఒక్కటే. కడుపుకు మందు వేస్తే చర్మంమీది పురుగు పోతుందా? ఇక్కడ మరొక హెచ్చరిక అవసరం. కుక్కల ఒంటికి పూసే పెర్మెత్రిన్ మందులను పిల్లికి పూయరాదు. ఆ మందును విడగొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలదు; వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణంమీదికి వస్తుంది.

ఫ్లీలు లేకపోయినా చర్మవ్యాధులు, మూత్రాశయపు నొప్పి, కీళ్లనొప్పి, కొత్తచోటి బెదురు పిల్లిచేత ఒకేచోట పదేపదే నాకిస్తాయి. పొట్టకింద, తొడల లోపల బొచ్చు పలచబడితే అది గుర్తు.

రెండవ సమాధానం కదలికకు సంబంధించినది. కుక్క కడుపు ఖాళీగా ఉన్నప్పుడు జీర్ణాశయంనుండి ప్రేవులదాకా ఒక బలమైన అల చీపురులాగ ఊడ్చివేస్తుంది. పిల్లిలో ఆ అల వేరు రకానిది. అందుచేత ప్రేవులకు వాపు వచ్చినా, కదలిక మందగించినా మొదట ఇబ్బంది పడేది వెంట్రుకే. 2008–2012 మధ్య అమెరికాలో చాలాకాలంగా వాంతులు, విరేచనాలు, బరువు తగ్గటం వంటి లక్షణాలుండి, శబ్దతరంగాల పరీక్షలో చిన్న ప్రేవు గోడ మందమయినట్లు కనిపించిన 100 పిల్లులను పరీక్షించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. 99 పిల్లులలో ప్రేవుల వ్యాధి బయటపడినది: 49 పిల్లులకు దీర్ఘకాలపు వాపు, 46 పిల్లులకు లింఫోమా అనే కాన్సర్. ఈ అంకెలను చదవటంలో జాగ్రత్త కావాలి. ఇవి ముందే జబ్బుగా ఉన్నవని ఏరిన పిల్లులు. కక్కిన పిల్లులలో సగానికి కాన్సర్ ఉన్నదని దీని అర్థం కాదు. తరచు వాంతి చేసే పిల్లి కడుపును తెరిచి చూసినప్పుడు కారణం వెంట్రుక కాక మరొకటి దొరుకుతున్నదని మాత్రం అర్థం.

నాలుగవ వాక్యం అన్నిటికంటె విచిత్రమైనది. ఉబ్బసంలో మనిషి రొమ్ములో వినిపించే సన్నని ఈల చప్పుడుకు తెలుగువారు పెట్టుకున్న పేరు ‘పిల్లికూతలు’. మనిషికి వచ్చిన పిల్లికూతలు ఊపిరితిత్తులవని అందరూ గ్రహించారు. పిల్లికే పిల్లికూతలు వస్తే మాత్రం కడుపులో వెంట్రుకలున్నాయంటున్నారు! పిల్లులకూ ఉబ్బసం వస్తుంది. నూటికి ఒకటి మొదలు ఐదు పిల్లులదాకా ఆ వ్యాధి ఉండవచ్చునని అంచనా. కట్టెపొయ్యి పొగ, అగరువత్తుల పొగ, దుమ్ము దానిని రేపుతాయి. ఆ దగ్గు వచ్చినప్పుడు పిల్లి నేలకు ఒదిగి కూర్చొని, మెడను ముందుకు చాచి, వరుసగా దగ్గి, చివర ఏమీ కక్కకుండా గుటకవేసి లేచిపోతుంది. వెంట్రుకను కక్కేటప్పుడు కదిలేది పొట్ట: పక్కలు లోపలికి, బయటికి బలంగా పంపులాగ ఆడతాయి, చివరకు ఏదో ఒకటి నేలమీద పడుతుంది. ఏమీ పడని ‘కక్కు’ పదేపదే వస్తున్నదంటే అది కక్కు కాదని అనుమానించాలి. జేబుల్లో ఫోన్లు ఉన్న ఈ రోజుల్లో ఆ రెండు నిమిషాల చలనచిత్రం తీసి పశువైద్యునికి చూపటం కష్టమేమీ కాదు. విజయనగరం జిల్లాలోని గరివిడిలో పశువైద్య కళాశాలే ఉన్నది.

ఈ దగ్గుకు తోడు మరొక పాత నమ్మకం ఉన్నది. పిల్లి వెంట్రుక అన్నంలో కలిసి కడుపులోకి పోతే పిల్లలకు ఉబ్బసం వస్తుందని పెద్దలు భయపెడతారు. ఈ నమ్మకాన్ని మూఢమని ఒక్కమాటతో కొట్టివేసేవారు దాన్ని చెప్పినవారికంటె ఎక్కువ తెలిసినవారు కారు. పిల్లికి, ఉబ్బసానికి సంబంధం ఉన్నది. కొందరికి పిల్లి పడదు. దానికి ముఖ్యకారణం ఫెల్ డి 1 అనే మాంసకృత్తు. అది పిల్లి లాలాజలంలోను, చర్మంలోని నూనె గ్రంథులలోను తయారవుతుంది. నాకుకున్నప్పుడు బొచ్చుకు అంటి, ఎండి, సన్నని ధూళిగా గాలిలో తేలుతుంది. ఆ ధూళి పీల్చుకున్నప్పుడు, అది పడనివారికి తుమ్ములు, దగ్గు, పిల్లికూతలు వస్తాయి. పెద్దలు నేరస్థుని ఊరు సరిగా చెప్పారు, ఇంటిపేరు తప్పు చెప్పారు. దోషం మింగిన వెంట్రుకది కాదు, పీల్చిన లాలాజలపు ధూళిది. అన్నంలో వచ్చిన ఒక వెంట్రుక మనిషి కడుపులో కూడా జీర్ణం కాదు; మలంతో వెళ్లిపోతుంది.

ఐదవ వాక్యానికి వద్దాం. ఆముదం, కొబ్బరినూనె, నెయ్యి, లిక్విడ్ పారఫిన్ – ఇంటిలో ఏది ఉంటే అది, పిల్లి నోరు పెకలించి, చెంచాతోనో సూదిలేని సిరంజితోనో పోస్తారు. నూనె జారుడుగా ఉంటుంది గనుక ఉండ జారుతుందనే తర్కం వినటానికి బాగున్నది. కాని నెయ్యి, కొబ్బరినూనె ఆహారం. చిన్న ప్రేవులో అవి జీర్ణమై రక్తంలో కలిసిపోతాయి, జారుడుతనం వెంట్రుకలతో చివరిదాకా ప్రయాణం చేయదు. ఆముదం ప్రేవులను రేపే విరేచనకారి. లోపల నిజంగా అడ్డు ఉన్నప్పుడు దానిని వాడటం మూసిన గేటుమీదికి బండిని తోలటం వంటిది. లిక్విడ్ పారఫిన్ మాత్రం జీర్ణం కాదు. అందుచేతనే దాన్ని ఎన్నుకున్నారు. దాని ప్రమాదం కూడా ఆ గుణంతోనే ఉన్నది. దానికి రుచి లేదు, గొంతును రేపే గుణం లేదు. నీటిచుక్క శ్వాసనాళం అంచు తాకితే దగ్గు వచ్చి బయటికి నెట్టివేస్తుంది. ఈ నూనె ఆ కావలివానిని లేపకుండా లోపలికి జారిపోతుంది. ఊపిరితిత్తులలో దాన్ని కరిగించేది ఏదీ లేదు. నూనె న్యుమోనియా ఏర్పడుతుంది. పెనుగులాడే పిల్లికి బలవంతంగా పోసినప్పుడు ఇది మరీ సులభంగా జరుగుతుంది. అప్పటికే ఉబ్బసంతో దగ్గుతున్న పిల్లి గొంతులో, అది వెంట్రుకని అనుకొని, నూనె పోస్తే ఏమవుతుందో ఊహించవచ్చును. నాలుగవ వాక్యపు తప్పు ఐదవ వాక్యం చేతిలో ప్రాణాపాయమవుతున్నది. వైద్యుడు ఇచ్చిన లేహ్యాన్ని పిల్లి తనంత తాను నాకితే ఈ భయం చాలావరకు లేదు. అయినా దానిని ఏళ్లతరబడి వాడితే కొవ్వులో కరిగే విటమినులు ఒంటికి పట్టవు.

పీచుపదార్థం గురించికూడా ఒక మాట. 2015లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఇసబ్‌గోల్ వంటి పీచును ఎక్కువ కలిపిన ఆహారం పెట్టగా, రెండు వారాలలో పొడుగు బొచ్చు పిల్లుల మలంలో వెంట్రుక ఎక్కువగా బయటపడినది. పొట్టి బొచ్చు పిల్లులలో చెప్పుకోదగిన తేడా రాలేదు. పర్షియన్ పిల్లికోసం రాసిన సలహాను నాటుపిల్లికి తర్జుమా చేసేవారు ఈ తేడాను గుర్తుంచుకోవటంలేదు. బొచ్చు రాలే ఋతువు సంగతీ అంతే. వసంతంలో పిల్లి బొచ్చు విపరీతంగా రాలుతుందని ఇంగ్లీషు పుస్తకాలు చెబుతాయి. రాలటాన్ని ముఖ్యంగా నడిపేది పగటి పొడవు. లండన్‌లో వేసవి పగలు 16 గంటలు దాటుతుంది, శీతకాలపు పగలు 8 గంటలలోపే. శ్రీకాకుళంలో పెద్దపగలుకూ చిన్నపగలుకూ తేడా రెండు గంటలకు కొద్దిగా ఎక్కువ. అక్కడి వసంతపు హెచ్చరిక ఇక్కడ అదే బలంతో వర్తించదు.

గడ్డి తిని వెంట్రుక కక్కుకుంటుందనే మాట మాత్రం ఇంకా తేలలేదు. 2021లో వెయ్యికి పైగా పిల్లుల యజమానుల నుండి సేకరించిన వివరాలలో పొడుగు బొచ్చువి, పొట్టి బొచ్చువి ఒకే తీరుగా గడ్డి తింటున్నట్లు తేలినది; వెంట్రుకే కారణమైతే తేడా ఉండవలసినది గదా అన్నారు హార్ట్ బృందంవారు. 2025లో మరికొందరు కక్కిన వత్తులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసి, గరుకు అంచులున్న ఆకులు వెంట్రుకలను పట్టి లాగుతూ ఉండవచ్చునని వాదించారు. పిల్లి గడ్డి కొరికితే కంగారు పడనక్కరలేదు. పురుగుమందు చల్లిన గట్టుమీది గడ్డి కాకుండా చూస్తే చాలు.

వెంట్రుకమీద ఇంత ధ్యాస పెట్టిన వివరణలో అంతకంటె ఎక్కువ హానిచేసే వస్తువు ఊసు లేకపోవటం పెద్ద లోపం. అది దారం. నాలుకమీది ముళ్లు వెంట్రుకను లోపలికి పంపినట్లే దారాన్ని కూడా పంపుతాయి. ఉత్తరాంధ్ర ఇళ్లలో దారానికి కరువా? వడికే ఊళ్లలో నూలు, మెట్టపల్లెల్లో గోగునార పోగులు, దేవునిమూల పూలదండ దారం, తీరంలో చేపవాసన వేసే గాలపు నైలాను తీగ. వెంట్రుక విడివిడి పోగులు. దారం విడని ఒకే పోగు. దాని ఒక కొస నాలుక కిందనో, జీర్ణాశయపు ద్వారంవద్దనో చిక్కుకొని, రెండవ కొసను ప్రేవులు ముందుకు లాగుతుంటే, ప్రేవు నాడా దూర్చిన లంగా అంచులాగ ముడుచుకొని, దారం గోడను రంపంలాగ కోస్తుంది. నోటినుండిగాని వెనుకనుండిగాని దారం వేలాడుతుంటే లాగరాదు, కోయనూ రాదు. వెంటనే వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. తిండి మానివేసి, ఏమీ పడకుండా పదేపదే వాంతికి ప్రయత్నిస్తూ, ఒక రోజుకు పైగా ముడుచుకొని పడుకున్న పిల్లి విషయంలో ‘వెంట్రుకలే, రేపటికి కక్కేస్తుంది’ అనే మాట ఎంత ఖరీదైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

వివరణ సరయినదైతే చేయవలసిన పనీ మారుతుంది. నాలుకకు చిక్కబోయే వెంట్రుకను ముందుగానే దువ్వెనకు చిక్కించటం అన్నిటికంటె చవకైనది, అపాయం లేనిది: పొడుగు బొచ్చు పిల్లికి రోజూ, నాటుపిల్లికి వారానికి ఒకటి రెండుసార్లు. ఇళ్లలో ఉండే పేల దువ్వెన ఇందుకు సరిపోతుంది. పాఠశాలలో చేయదగిన పరీక్షకూడా ఇందులోనే ఉన్నది. దువ్వెనకు వచ్చిన బొచ్చును తెల్లకాగితంమీద దులిపితే మిరియపు పొడివంటి నల్లని నలుసులు పడవచ్చును. వాటిమీద రెండు చుక్కల నీరు వేసి కాసేపు ఆగాలి. అవి మట్టి అయితే బురదరంగుకే కరుగుతాయి. చుట్టూ ఇటుకరంగు వలయం వ్యాపిస్తే అది ఫ్లీ విసర్జించిన రక్తం; కడుపుకు మందు వెతకవలసిన పని లేదు, పురుగు చర్మంమీదనే ఉన్నది.